మావయ్యగారి చెరువు గట్టున సూర్యుణ్ణి విన్నాను

సూర్యుణ్ణి చూడబోయి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. సూర్యుణ్ణి వినబోయి మావగారి రొయ్యల్ని చంపినవాడు మాత్రం, నాకు తెలిసినంతలో, ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ తరపు బంధువులంతా ఏళ్ళ తరబడి నవ్వుతూనే ఉన్నారు, ఒక్క మావయ్యగారు తప్ప. ఆయన కూడా నవ్వేసి ఉంటే నాకిది రాసుకునే అవసరమే ఉండేది కాదు.

రెండు వేల దశకం మొదటి రోజులవి. నాకు డాక్టరేట్ వచ్చి కొత్త. ఆ తర్వాత చేసే పరిశోధనని పోస్ట్ డాక్టరల్ అంటారు. గుడివాడలో మా నాన్నగారు ఆ మాట ఎవరికైనా చెప్పాల్సి వస్తే, "మావాడు డాక్టరయ్యాడండీ. అయినా ఇంకా చదువుతున్నాడు, ఎందుకో" అని దిగులుగా చెప్పేవారు. నేను చదువుతున్నది గ్రహాల గురించి. గురుగ్రహం తనంతట తానే రేడియో తరంగాలు వెదజల్లుతూ ఉంటుంది. అవి దాని చందమామల మీద పేరుకున్న మంచుకి తగిలి తిరిగొస్తాయి. నేరుగా వచ్చినదాన్నీ, తగిలి వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మంచు ఎంత మందమో తేల్చవచ్చు. అంతదూరం రాడారు మోసుకెళ్ళక్కర్లేదు, బోలెడు కరెంటు ఖర్చు పెట్టక్కర్లేదు. ఊరికే వింటే చాలు. పెళ్ళిచూపుల్లో నేనిదంతా చేతులు తిప్పుతూ వివరించాను. అరుణ శ్రద్ధగా విని, "అంటే మీరేమీ చెయ్యరు, ఊరికే వింటారన్నమాట. మొగుడికి ఇంతకన్నా మంచి లక్షణం ఏం కావాలి" అంది. అలా కుదిరింది నా పెళ్ళి.

గురుగ్రహం దాకా పోయేముందు ఈ పద్ధతి భూమ్మీద పనిచేస్తుందని చూపించమన్నారు మా ప్రొఫెసరుగారు. గురుడి బదులు సూర్యుడు, మంచు బదులు నీళ్ళు. సూర్యుడూ రేడియో మోత చేస్తాడు, పెద్ద పెద్ద మచ్చలు పడ్డప్పుడు మరీను. నీళ్ళ పక్కన ఒక తీగ కట్టి, పొద్దున్నే సూర్యుడు కిందగా ఉన్నప్పుడు, నేరుగా వచ్చే మోతనీ నీళ్ళ మీద పడి వచ్చే మోతనీ కలిపి రికార్డు చేస్తే, నీటిమట్టం ఎంత దిగువన ఉందో లెక్క తేలాలి. "ఈ వారం సూర్యుడి మీద పెద్ద మచ్చలున్నాయి. ఇవి అటు తిరిగిపోకముందే ఒక్క శుభ్రమైన రికార్డు పట్టుకురా. నీ ఫెలోషిప్ పొడిగింపు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారాయన. ఉప్పునీళ్ళు ఉండాలి, చదునుగా ఉండాలి, చుట్టూ ఊరి గోల ఉండకూడదు. నాకు వెంటనే అత్తవారిల్లు గుర్తొచ్చింది.

మా మావయ్యగారిది కృత్తివెన్ను దగ్గర ఒక పల్లె. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాక, చుట్టుపక్కల వాళ్ళందరిలాగే ఆయనా వరిపొలాన్ని చెరువుగా తవ్వించి టైగర్ రొయ్య వేశారు. మొదటి పంట తెల్లమచ్చ తెగులొచ్చి పోయింది. రెండోదీ అలాగే పోయింది. "మాస్టారికెందుకండీ రొయ్యలు? ఎవరికైనా లీజుకిచ్చి హాయిగా పేపరు చదువుకోక" అని ఊరంతా అనడం మొదలుపెట్టింది. మూడో పంట బ్రహ్మాండంగా ఎదిగింది. ఇంకో వారం పదిరోజుల్లో పట్టుబడి, వలేసి పట్టి అమ్మడమే. ఇది దక్కితే చెరువు తనే చేసుకుంటాననీ, పోతే మారుమాట్లాడకుండా లీజుకిచ్చేస్తాననీ అత్తయ్యగారికి మాటిచ్చారు మావయ్యగారు. ముప్ఫై ఏళ్ళు సుద్దముక్క పట్టుకున్న మనిషికి రైతు అనిపించుకోవాలని ఎంత సరదాగా ఉండేదో నాకు బాగా తెలుసు. అన్నీ తెలిసే ఆ చెరువు మీదికి వెళ్ళాను. ఇప్పటికీ నన్ను గుచ్చేది అదే.

దానికి తోడు అది మాకు మొదటి దసరా. మావైపు కొత్తల్లుడు అడిగినదానికి కాదనడం ఉండదు. అందులోనూ మా అత్తవారింట్లో అది మరీ చాదస్తం. మొదటిరోజు మాటవరసకి "పెసరట్టు బాగుందండీ" అన్నాను. అంతే, ఆ తర్వాత ప్రతి పొద్దున్నా పెసరట్టే. పెసరట్టు చూస్తే భయం వేసే స్థితికి వచ్చాను గానీ, "చాలండీ" అంటే అత్తయ్యగారు వంటింటి గుమ్మం వెనక కళ్ళొత్తుకుంటారని మాట్లాడకుండా తినేవాణ్ణి. అల్లుడి మాటకి అంత బలం ఉన్న ఇంట్లో అల్లుడు నోరు ఎంత జాగ్రత్తగా తెరవాలి! ఆ బుద్ధి నాకు లేకపోయింది.

గట్టు మీద రెండు వెదురు బొంగులు పాతి రాగితీగ కట్టాను. కింద బల్ల మీద రిసీవరు, లాప్‌టాప్, చెవులకి హెడ్‌ఫోన్లు. పల్లెలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు గనక ఒక కారు బ్యాటరీ, దానికొక ఇన్వర్టరు. ఆ ఇన్వర్టరు వస్తూ వస్తూ బందరులో చవగ్గా దొరికిందని కొన్నాను. దాన్ని కాస్త గుర్తుంచుకోండి, నేను మర్చిపోయాను కాబట్టి.

పక్క చెరువు రైతు రంగారావుగారు వచ్చి ఈ సరంజామా చుట్టూ ప్రదక్షిణ చేశారు.

"ఇదంతా దేనికండీ అల్లుడుగారూ?" అన్నారు. ఆ ఊళ్ళో ఒక ఇంటికి అల్లుడైతే ఊరందరికీ అల్లుడే.

"చెరువులో నీళ్ళు ఎంత దిగువన ఉన్నాయో కొలవడానికండీ."

"ఆ మూల కర్ర పాతాంగా, గీతలు గీసి. చూస్కోవచ్చుగదా?"

"కర్రనడిగి కాదండీ, సూర్యుణ్ణడిగి తెలుసుకుంటాం."

"ఏం, మా కర్ర అబద్ధాలాడుద్దనా?"

మావయ్యగారికి కోపం వచ్చింది. "రంగారావూ, అవి పెద్ద చదువులయ్యా. నీకూ నాకూ అందేవి కాదు. ఊరుకో" అన్నారు. నేను గర్వంగా ఛాతీ విరిచాను. తలచుకుంటే ఇప్పుడు చెవులు కాలిపోతాయి.

మర్నాడు తెల్లవారుతూనే గట్టెక్కి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. సూర్యుడి మోత లేదు సరికదా, పిండిమర ఆడినట్టు గర్ర్‌ర్‌మని ఒకటే రొద. తలెత్తి చూస్తే చెరువులో ఏరియేటర్లు తిరుగుతున్నాయి. అవి నీళ్ళని చిలికి గాలి కలిపే చక్రాలు, కరెంటు మోటార్లతో తిరుగుతాయి. రొయ్యకి అదే ఊపిరి. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. నాకు తెలిసిందల్లా మోటారు ఉంటే రేడియోలో రొద వస్తుందనే. దొంగ దొరికాడనుకున్నాను.

పెసరట్టు తింటూ కదిలించాను. "మావయ్యగారూ, రేపు పొద్దున ఒక్క అరగంట ఆ చక్రాలు ఆపితే బాగుంటుందండీ."

మావయ్యగారి చేతిలో ముక్క చేతిలోనే ఆగింది. "పొద్దున్నేనాండీ?"

"తెల్లారుతూండగానే."

"దానికేమండీ" అన్నారు. ఆ ముక్క పళ్ళెంలో పెట్టేసి, "ఎండెక్కాక అయితే పనికిరాదాండీ?"

"లేదండీ, సూర్యుడు కిందగా ఉండాలి."

"ఆహా. మరి మూడురోజులుగా ముసురు పట్టి ఉంది కదండీ. రేపూ మబ్బే ఉంటుంది. సూర్యుడే కనపడకపోతే మీకు ఇబ్బంది కదా. ముసురు తీశాక పెట్టుకుందామా?"

చదువుకున్న మూర్ఖుడికి ఇంతకన్నా వివరంగా ఎవరు చెప్తారు? నేను మాత్రం పకపకా నవ్వాను. "మబ్బు మాకో లెక్కా మావయ్యగారూ! రేడియో తరంగాలు మబ్బుల్లోంచి దూసుకొస్తాయి. అదే మా విద్యలో గొప్ప!"

"అంతేనండీ, అంతేనండీ. దానికేమండీ, ఆపిద్దాం" అన్నారాయన. వంటింటి గుమ్మం వెనక గరిటె కింద పడింది. అన్నీ ఉన్నాయి గాని అల్లుడి నోట్లో శని అంటారు చూశారా, నా విషయంలో అది అక్షరాలా నిజం. నేను పరిశోధించేది గురుడి మీద, నోట్లో పెట్టుకు తిరిగేది శనిని.

తర్వాత తెలుసుకున్న సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. చెరువు నీళ్ళలో గాలి పగలు ఎండ ఉంటేనే పుడుతుంది. చీకటి పడ్డప్పట్నుంచీ తగ్గుతూ తగ్గుతూ తెల్లవారుజాముకి అట్టడుగుకి వస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో పగలు కూడా పుట్టదు. అంటే సంవత్సరం మొత్తం మీద ఏరియేటర్లు ఆపకూడని ఘడియ ఏదో వెతికి వెతికి, పంచాంగం చూసినట్టు దాన్నే ముహూర్తం పెట్టాన్నేను.

మర్నాడు తెల్లవారుతూండగా మావయ్యగారే స్వయంగా స్విచ్చులు ఆపి నా పక్కన వచ్చి నిలబడ్డారు. నీళ్ళు అద్దంలా సద్దుమణిగాయి. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. గర్ర్‌ర్! రొద అలాగే ఉంది. ఇవి ఆగినా పక్క చెరువులవి తిరుగుతున్నాయిగా, అదేమో అనుకున్నాను. బొంగులు అటు తిప్పాను, ఇటు తిప్పాను. అరగంట అయిపోయింది.

"అయిందాండీ?" అన్నారు మావయ్యగారు.

"ఇంకొక్క పావుగంట."

"దానికేమండీ."

పావుగంటకి మరో పావుగంట మొలిచింది. దానికింకోటి. మధ్యలో ఆయన ఏదో అనబోయారు. నేను పెదాల మీద వేలు పెట్టి, చెయ్యెత్తి ఆపాను. పిల్లనిచ్చిన మావగారిని, ఆయన చెరువు గట్టు మీద, ఆయన రొయ్యల ఎదుట నోరుముయ్యమన్నాను! ఆయన మూసుకున్నారు.

కాసేపటికి నీళ్ళ మీద చిత్రమైన కదలిక. రొయ్యలు ఒకటొకటిగా పైకి తేలి, మీసాలు బయటపెట్టి, గట్టు వారకి వచ్చి వరసగా నిలబడుతున్నాయి. నా జన్మలో అంత అందమైన దృశ్యం చూడలేదు.

"మావయ్యగారూ, చూశారా! రొయ్యలు కూడా సూర్యోదయం చూడ్డానికి వచ్చాయి!" అన్నాను.

ఆయన మొహం సుద్దలా తెల్లబడింది. "అవునండీ... వచ్చాయి" అన్నారు. ఆ గొంతు ఇవాళ్టికీ నా చెవిలో ఉంది. ఏ హెడ్‌ఫోనూ అక్కర్లేదు.

అప్పుడొచ్చారు రంగారావుగారు, లుంగీ ఎగ్గట్టి, గట్టు అదిరేలా పరిగెత్తుకుంటూ. మళ్ళీ చెవులు మూసేసుకున్న నాకు ఆయన పెదాలు కదలడమే కనిపించింది. నవ్వుతూ చెయ్యెత్తి ఆయన్నీ ఆపబోయాను. ఆయన ఆగలేదు. తిన్నగా వచ్చి హెడ్‌ఫోన్లు ఊడబీకారు. "అల్లుడుగారూ, చెవుల సంగతి తర్వాత, కాస్త కళ్ళెట్టి చూడండి! రొయ్య గాలాడక తేలిపోయింది! మాస్టారూ, మీకు మతి పోయిందా? ఏరియేటర్లు ఆపేదేంటండీ ఇప్పుడు!"

"అల్లుడుగారు అడిగారయ్యా" అన్నారు మావయ్యగారు మెల్లగా.

"అడిగితే? విషం అడిగినా పోస్తారా?"

ఇద్దరూ స్విచ్చుల దగ్గరికి పరిగెత్తారు. వేశారు. ఒక్క చక్రమూ కదల్లేదు. సరిగ్గా అప్పుడే ఊరు మొత్తానికి కరెంటు పోయింది. రంగారావుగారు తన చెరువు దగ్గర అదనంగా ఉన్న డీజిల్ ఇంజను తేవడానికి ట్రాక్టరు కోసం అరుస్తూ వెళ్ళారు.

ఏం చెయ్యాలో తోచక నేను మళ్ళీ హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. సిగ్గులేని పని, కానీ నాకు చేతనైన పని అదొక్కటే. ఊళ్ళో ఒక్క మోటారు తిరగడం లేదు. ఒక్క దీపం వెలగడం లేదు. అయినా నా చెవుల్లో గర్ర్‌ర్! వంగి, బందరు ఇన్వర్టరు తీగ పీకేశాను. రొద ఆగిపోయింది.

చంకలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, ఊళ్ళో పిల్లలందరి నోళ్ళూ మూయించినవాణ్ణి నేను. రొద నాది, నా పెట్టెది. ఏరియేటర్ల తప్పు రవ్వంత లేదు.

రిసీవరు బ్యాటరీ మీద నేరుగా నడుస్తోంది. ఆ నిశ్శబ్దంలో, అప్పుడు, సూర్యుడు వినిపించాడు. ఇసక మీద అల వెనక్కి జారుతున్నట్టు మెత్తగా, పెరుగుతూ తగ్గుతూ. ఎన్ని ఏళ్ళ చదువు అది! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రికార్డు చేద్దామని లాప్‌టాప్ వైపు చూస్తే తెర నల్లగా ఉంది. దాని సొంత బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, దానికి ప్రాణం పోసేది ఆ ఇన్వర్టరే మరి. మళ్ళీ తగిలిస్తే రొద, తీసేస్తే రికార్డు లేదు. సూర్యుడు నాకు అన్నీ చెప్పాడు, నేను రాసుకోలేకపోయాను. నా వెనక నీళ్ళలోకి మనుషులు దూకుతున్న చప్పుడు.

ఇంజను వచ్చేసరికి ఆలస్యమైపోయింది. వలలు వేసి ఈడ్చినంత ఈడ్చారు. కొనేవాడు వచ్చి, ఇవి చచ్చాక పట్టినవని పెదవి విరిచి, నోటికొచ్చిన ధర చెప్పి పట్టుకుపోయాడు. మావయ్యగారు తడిబట్టలతో గట్టు మీద కూర్చున్నారు. నేను పక్కనే నిలబడ్డాను. కాళ్ళ మీద పడదామా అనుకున్నాను. ఆయనే తలెత్తారు.

"మీకు కావాల్సింది దొరికిందాండీ?" అన్నారు.

లేదని ఎలా చెప్పను? ఇంత ఊచకోత ఉత్తపుణ్యానికి జరిగిందని ఏ నోటితో చెప్పను? "దొరికిందండీ" అన్నాను.

"పోన్లెండి" అన్నారాయన, మొహం కాస్త తేటపడింది. "ఒకళ్ళకైనా దక్కింది."

నా జీవితంలో నేను చాలా అబద్ధాలాడాను, సెమినార్లలో కూడా. అంత బరువైంది మరోటి లేదు.

పెడనలో స్నేహితురాలి ఇంటికి వెళ్ళిన అరుణ ఆ పూటే బస్సు దిగింది. సంగతి విని నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"నాన్న ఏమన్నారు, మీరడిగినప్పుడు?"

"దానికేమండీ అన్నారు."

"ఒకసారా?"

"చాలాసార్లు."

"కొత్తల్లుడు అడిగితే ఆయన ఇంకేమంటారనుకున్నారు? ముసురు సంగతి ఎత్తారా?"

"ఎత్తారు. మబ్బు నాకు అడ్డం కాదన్నాను."

అరుణ నుదురు కొట్టుకుంది. "నన్నొక్క మాట అడక్కూడదూ? ఊరికే వింటాడు కదా అని చేసుకున్నాను మిమ్మల్ని. వినాల్సింది తప్ప అన్నీ వింటారు!"

మధ్యాహ్నం భోజనాలు. అమ్ముడుపోగా మిగిలిన రొయ్యలన్నీ వంటింట్లోకి వచ్చాయి. రొయ్యల వేపుడు, రొయ్యల ఇగురు, గోంగూర రొయ్యలు, చింతచిగురు రొయ్యలు. విస్తరిలో అన్నానికి చోటు లేదు. అత్తయ్యగారు కళ్ళు ఎర్రగా ఉన్నా వంచిన తల ఎత్తకుండా, "ఇంకొంచెం వేసుకోండి బాబూ" అని కొసరి కొసరి వడ్డించారు. నేను మొహమాటపడుతుంటే అరుణ పక్కనుంచి, "తినండి, మొహమాటమెందుకూ? మీ చేత్తో చంపినవేగా" అంది.

మావయ్యగారు మాత్రం, "తప్పమ్మా, అల్లుడుగారిని అలా అనకూడదు" అన్నారు.

రికార్డు లేదు గనక నా ఫెలోషిప్‌కి పొడిగింపూ లేదు. ఆ తర్వాత వేరేచోట, వేరేవాళ్ళు పట్టిన రికార్డులతో నెట్టుకొచ్చాను. మావయ్యగారు మాట తప్పే మనిషి కాదు. పండగ వెళ్ళగానే చెరువు రంగారావుగారికి లీజుకిచ్చేసి, వరండాలో పేపరు చదువుకోవడం మొదలుపెట్టారు. ఇంటికి ఎవరొచ్చినా గట్టు మీదికి తీసుకెళ్ళి, "మా అల్లుడుగారు సూర్యుణ్ణి పట్టుకున్నది ఇక్కడేనండీ" అని చూపించేవారు. నేనూ ఉంటే బుద్ధిగా తలాడించేవాణ్ణి. తలాడించినప్పుడల్లా నాకు ప్రాణం పోయేది.

చాలా ఏళ్ళకి ఒకసారి ఇక ఆపుకోలేక, ఇద్దరం గట్టు మీద నడుస్తుండగా చెప్పేశాను. "మావయ్యగారూ, ఆ రోజు నాకేమీ దొరకలేదండీ. ఆ రొద నా పెట్టెదే. చక్రాలు ఆపాల్సిన పనే లేదు."

ఆయన నీళ్ళ వైపు చూస్తూ, "తెలుసండీ" అన్నారు.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఆ రోజునుంచే. అన్నేళ్ళు పేపర్లు దిద్దినవాణ్ణి, పిల్లాడు రాశానంటే రాశాడో లేదో మొహం చూస్తే తెలీదాండీ?"

"మరి ఇన్నాళ్ళూ అందరికీ..."

"దొరికిందని అల్లుడుగారు చెప్పాక, దొరకలేదని నేనెలా చెప్తానండీ?" అని, "పదండి, మీ అత్తయ్య కంచాలు పెట్టి ఎదురుచూస్తూంటుంది" అంటూ ముందుకు నడిచారు. ఆయన వెనకే నడుస్తూ నేను ఏడ్చాను. ఆయన తిరిగి చూడలేదు. చూస్తే నా మర్యాద పోతుందని.

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా, గురుగ్రహం మీదా దాని చందమామలన్నిటి మీదా ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి చెరువులోనూ ఏ మోటారూ ఆపమని అడగను. ఎక్కడ రొద వినిపించినా ముందు నా పెట్టె ఆపి చూసుకుంటాను. నాకు పిల్లనిచ్చిన మనిషి ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపను. రొయ్యలు కూడా తిననని ఒట్టు పెట్టుకుందామనే అనుకున్నాను గానీ, క్షమించాలి, అది నావల్ల కాదు. ఇప్పటికీ అత్తవారింటికి వెళ్తే మొదటి పూట రొయ్యల ఇగురే. గొంతు దిగదు. అయినా మావయ్యగారు ఎదురుగా కూర్చుని, "మీకిష్టమని చేయించానండీ" అంటుంటే, వద్దని ఎలా చెప్పను?